వ్యర్థం పుట్టేది కాగితం మీదే

సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర ఎరగని ఇల్లు మన దగ్గర అరుదు. మూత్రంలో మంటకో, విరేచనాలకో డాక్టరు ఎప్పుడో ఒకప్పుడు రాసే ఉంటారు. ఆ అణువు బొమ్మ గీస్తే నాలుగు వలయాలు కనిపిస్తాయి. మధ్యలో ఒకే గోడను పంచుకున్న రెండు ఆరుమూలల వలయాలు, ఒక పక్కన మూడు కార్బన్ల చిన్న త్రిభుజం, ఇంకో పక్కన రెండు నైట్రోజన్లున్న మరో ఆరుమూలల వలయం. మందు పనితనమంతా ఈ వలయాల అమరికలోనే ఉంది.

2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులోని ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటి మీద చేసిన పరీక్షల ఫలితాలు ప్రచురించింది. దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల నీరు అక్కడికి చేరేది. శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. శుద్ధి కేంద్రాల గురించి, నిఘా గురించి, కోర్టు ఆదేశాల గురించి చాలా చర్చ జరిగింది. జరగాల్సిందే. అయితే ఆ చర్చల్లో ఒక ప్రశ్న వెనకబడిపోయింది. కిలో మందు చేస్తే ఎన్ని కిలోల వ్యర్థం పుడుతుందన్నది అసలు ఎప్పుడు ఖాయమవుతుంది?

ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చేసరికి చాలా ఆలస్యమైపోయి ఉంటుంది. ఒక రసాయనవేత్త తెల్లకాగితం మీద ఆ అణువును గీసి, ఈ వలయాన్ని ఏ బంధం దగ్గర కట్టాలా అని పెన్సిలుతో గీత పెట్టిన రోజునే అందులో సింహభాగం ఖాయమైపోతుంది. శుద్ధి కేంద్రం ఆ లెక్కను కొంత సర్దగలదు, తిరగరాయలేదు.

అణువును తయారుచేసే దారిని రసాయనవేత్తలు చివరి నుంచి మొదటికి ఆలోచిస్తారు. కావాల్సిన అణువును ముందు పెట్టుకుని, ఈ బంధం తెంపితే ఏ ముక్కలొస్తాయి, ఆ ముక్కలు బజారులో దొరుకుతాయా, దొరక్కపోతే వాటిని మళ్లీ ఎక్కడ తెంపాలి అని వెనక్కి నడుస్తారు. హార్వర్డ్‌లో ఎలియాస్ జేమ్స్ కోరీ ఈ ఆలోచనకు నియమాలు కట్టి, 1969లోనే టాడ్ విప్కేతో కలిసి దాన్ని కంప్యూటర్‌కు నేర్పే పని మొదలుపెట్టారు. 1990లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. వలయాల దగ్గర ఈ వెనక నడకకు ప్రత్యేకత ఉంది. మామూలు గొలుసులో ఒక బంధం తెంపితే రెండు ముక్కలవుతాయి. వలయంలో ఒకటి తెంపితే అది విచ్చుకుని గొలుసు మాత్రమే అవుతుంది. ఒకేసారి రెండు తెంపితే రెండు చిన్న ముక్కలు, మూడు తెంపితే మూడు ముక్కలు. ఎక్కువ బంధాలు ఒకేసారి కట్టగలిగిన వాడికి మెట్లు తగ్గుతాయి, మెట్టు మెట్టుకూ వాడే ద్రావణులు (సాల్వెంట్లు) తగ్గుతాయి.

వలయాలన్నీ ఒక్క తీరుగా మూసుకోవు. 1885లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ చెప్పినట్టు కార్బన్ బంధాలు తమకు నచ్చిన కోణంలో ఉండాలని చూస్తాయి. మూడు, నాలుగు పరమాణువుల వలయాల్లో ఆ కోణం బలవంతంగా వంగుతుంది, అందుకే అవి బిగువుగా ఉంటాయి. ఐదు, ఆరు పరమాణువులవి సులువుగా మూసుకుంటాయి. ఎనిమిది నుంచి పదకొండు దాకా ఉన్నవి మొండివి. ఇంకా పెద్దవాటి కష్టం వేరు, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ముందు సిప్రోఫ్లాక్సాసిన్ లెక్క తేలుద్దాం. దీనికి జర్మనీలోని బేయర్ కంపెనీ శాస్త్రవేత్తలు వేసిన దారి రసాయనవేత్తలందరికీ తెలిసిందే. మధ్య జంటలో ఫ్లోరిన్ ఉన్న బెంజీన్ వలయం ముడిపదార్థంతోనే వస్తుంది. దాన్ని ఆనుకున్న రెండో వలయాన్ని మనం కట్టాలి. ముడిపదార్థం మీద మూడు క్లోరిన్లు ఉంటాయి. మొదటిది వదిలిపోతే దాని చోట ఒక కార్బన్ తోక అతుక్కుంటుంది. ఆ తోక చివర ఉన్న డైమిథైలమీన్‌ను నెట్టేసి, త్రిభుజాన్ని మోసుకొచ్చే సైక్లోప్రొపైలమీన్ అక్కడ చేరుతుంది. ఇప్పుడు క్షారం వేస్తే ఆ నైట్రోజన్ వెనక్కి వంగి బెంజీన్ వలయాన్ని పట్టుకుంటుంది. రెండో క్లోరిన్ ఊడిపోతుంది, వలయం మూసుకుంటుంది. ఆ తర్వాత నీటితో తోకలోని ఎస్టర్ విడిపోయి ఇథనాల్ బయటికొస్తుంది. చివరగా పైపరజీన్ వచ్చి మూడో క్లోరిన్ చోటు తీసుకుంటుంది.

అణుభారాలు కూడండి. క్లోరిన్ల ముడిపదార్థం 227, తోక 143, సైక్లోప్రొపైలమీన్ 57, పైపరజీన్ 86, నీరు 18. మొత్తం 532 దగ్గరికి వస్తుంది. తయారైన మందు అణుభారం 331. మిగిలిన 200 మూడు హైడ్రోజన్ క్లోరైడ్లు, ఒక డైమిథైలమీన్, ఒక ఇథనాల్. అంటే ఏ మెట్టులోనూ చుక్క నష్టం లేకుండా నడిచినా, లోపల వేసిన బరువులో 62 శాతమే మాత్రలోకి చేరుతుంది. కిలో మందుకు 600 గ్రాములు బయటికి పోవడం కాగితం మీదే రాసిపెట్టి ఉంది. పైగా ఆ మూడు హైడ్రోజన్ క్లోరైడ్లనూ పట్టుకోవడానికి క్షారం కావాలి. అది ఉప్పుగా మారి నీటిలో కలుస్తుంది. ఫ్యాక్టరీల్లో 'హై టీడీఎస్' నీరు అని వేరే ట్యాంకులో పట్టి, ఆవిరి యంత్రాలతో ఖర్చుపెట్టి ఎండబెట్టేది ఇలాంటి ఉప్పునీటినే.

ఈ లెక్కకు 1991లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త బ్యారీ ట్రోస్ట్ ఒక రూపం ఇచ్చారు. లోపలికి వెళ్లిన పరమాణువుల్లో ఎన్ని సరుకులోకి చేరాయన్నదే ఆయన కొలత. దాన్ని పరమాణు పొదుపు అందాం. ఆ మరుసటి ఏడాది రోజర్ షెల్డన్ ఇంకా మొరటుగా, ఇంకా నిజాయితీగా ఉన్న కొలత పెట్టారు. కిలో సరుకుకు ఎన్ని కిలోల చెత్త? దానికి ఈ-ఫ్యాక్టర్ అని పేరు. చమురు శుద్ధిలో అది 0.1 కంటే తక్కువ. పెద్దఎత్తున తయారయ్యే రసాయనాల్లో 1 నుంచి 5. మందుల పరిశ్రమలో 25 నుంచి 100, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ. ప్రాణం నిలిపే సరుకు తయారుచేసే పరిశ్రమే కిలోకు అందరికంటే ఎక్కువ చెత్త చేస్తోందని ఆ పట్టిక చెప్పింది. ఆ బరువులో సగానికి పైగా ద్రావణులదే. చర్య జరిపేందుకు, సరుకును వేరుచేసేందుకు, కడిగేందుకు, స్ఫటికాలు కట్టించేందుకు ప్రతిసారీ సాల్వెంటే. స్ఫటికాలు వడకట్టాక మిగిలే మదర్ లిక్కర్‌లో కొంత మందు కూడా కరిగి ఉండిపోతుంది. పటాన్‌చెరు నీటిలో తేలింది ఇలా చేజారిన మందే. కాబట్టి ఎన్నిసార్లు వేరుచేయాలి, ఎన్నిసార్లు కడగాలి అన్నది కూడా కాగితం మీద తేలాల్సిన విషయమే.

కాగితం మీద గీత మార్చితే ఎంత తేడా వస్తుందో చూపే పాత ఉదాహరణ ఒకటుంది. దానికి వందేళ్లు దాటినా దాన్ని మించిన పాఠం నాకు కనిపించలేదు. మన పొలంగట్ల మీద పెరిగే ఉమ్మెత్తలో అట్రోపిన్ జాతి పదార్థాలుంటాయి. కంటి డాక్టర్లు కనుపాప పెద్దది చేయడానికి వాడే మందుల్లో అట్రోపిన్ ఒకటి. దాని గుండెకాయ ట్రోపినోన్ అనే అణువు. ఏడు కార్బన్ల వలయం, దాని మీదుగా నైట్రోజన్ ఒక వంతెనలా ఉంటుంది. 1901లో జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ విల్‌స్టాటర్ దాన్ని తయారుచేశారు. ఏడు కార్బన్ల వలయాన్ని ముందే తెచ్చుకుని, దాని మీద ఒక్కొక్క మార్పూ చేస్తూ సుమారు ఇరవై మెట్లు ఎక్కారు. చివరికి దక్కింది 0.75 శాతం. అంటే 100 గ్రాములు రావాల్సిన చోట ముప్పావు గ్రాము.

1917లో లివర్‌పూల్‌లో రాబర్ట్ రాబిన్సన్ అదే బొమ్మను మరోలా చూశారు. ఆ అణువు రెండు పక్కలా ఒకే తీరుగా ఉంటుంది. నైట్రోజన్ దగ్గర రెండు వైపులా, కీటోన్ పక్కన రెండు వైపులా, మొత్తం నాలుగు బంధాల దగ్గర ఊహలో తెంపారు. మూడు చిన్న ముక్కలు రాలాయి: నాలుగు కార్బన్ల సక్సినాల్డిహైడ్, మిథైలమీన్, అసిటోన్. మూడింటినీ నీటిలో కలిపారు. మామూలు గది వేడిమిలో, ఒకే పాత్రలో, రెండు వలయాలూ ఒకేసారి మూసుకున్నాయి. అసిటోన్‌తో దిగుబడి చాలా తక్కువ వచ్చింది. అసిటోన్ బదులు దానికి రెండు కార్బాక్సిల్ గుంపులు తగిలించిన ఆమ్లపు కాల్షియం లవణం వాడితే 42 శాతానికి చేరింది. ఆమ్లత సరిచేశాక తర్వాతివాళ్లు 90 శాతం దాటించారు. మొక్క కూడా కణంలో ఇలాంటి దారినే పట్టి ఉంటుందని రాబిన్సన్ అప్పుడే ఊహించారు. 1947లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఇక్కడ ట్రోస్ట్ కొలతతో ఒక చిక్కు ఉంది, దాటేయకుండా ఆగి చూడాలి. రాబిన్సన్ చర్యకు పరమాణు పొదుపు లెక్కగడితే 53 శాతమే. సిప్రోఫ్లాక్సాసిన్ దారి కంటే తక్కువ. ఆ రెండు కార్బాక్సిల్ గుంపులూ పనయ్యాక కార్బన్ డయాక్సైడ్‌గా వెళ్లిపోతాయి, వాటితోపాటు రెండు నీటి అణువులూ. అంకె చిన్నదే, పోయినదేమిటో చూస్తే మాత్రం ఉప్పునీటి ట్యాంకు అక్కర్లేదు, మండే సాల్వెంటు లేదు, ఇరవై మెట్ల కడుగుడు లేదు. ఎంత పోయిందన్నదాంతో పాటు ఏం పోయిందన్నదీ అడగాలి. ఒక్క అంకెను పట్టుకుని ఏ దారినైనా హరితమని ముద్ర వేసేవాళ్లను నేను నమ్మను.

అసలేమీ పోని వలయ నిర్మాణం కూడా ఉంది. 1928లో కీల్ విశ్వవిద్యాలయంలో ఓటో డీల్స్, ఆయన శిష్యుడు కుర్ట్ ఆల్డర్ ప్రకటించిన చర్యలో నాలుగు కార్బన్ల ముక్క, రెండు కార్బన్ల ముక్క ఎదురెదురుగా వచ్చి ఒకేసారి రెండు బంధాలతో ఆరుమూలల వలయంగా కుదురుకుంటాయి. ఊడిపోయేది ఏదీ లేదు, పొదుపు నూటికి నూరు. 1950లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. ఈ చర్యను దశాబ్దాల పాటు టాలుయీన్ లాంటి సాల్వెంట్లలో వేడిచేసి నడిపారు. 1980లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ బ్రెస్లో, డారిల్ రైడవుట్ దాన్ని నీటిలో చేసి చూశారు. సైక్లోపెంటాడయీన్, మిథైల్ వినైల్ కీటోన్ జంట నీటిలో హైడ్రోకార్బన్ సాల్వెంటులో కంటే 700 రెట్లు వేగంగా చర్య జరిపింది. నీరంటే పడని రెండు అణువులూ నీటికి దూరం జరిగే క్రమంలో ఒకదానికొకటి దగ్గరవుతాయి, వాటి మధ్య కుదిరే పొత్తుకు నీటి అణువుల హైడ్రోజన్ బంధాలు కూడా ఊతమిస్తాయి. కార్బన్ రసాయనానికి నీరు పనికిరాదన్న పాత అలవాటు మీద అది గట్టి దెబ్బ.

మరి అన్నీ ఇలాగే ఎందుకు కట్టరు? అన్ని వలయాల్లో ఆ ఎదురెదురు ముక్కల జాడ ఉండదు గనుక. గీసిన బొమ్మలో ఆ జాడ ఉందో లేదో పసిగట్టడమే ప్రణాళిక వేసేవాడి నేర్పు. ఇప్పుడు కంప్యూటర్ ప్రోగ్రాములు లక్షల చర్యల్ని చదివి దారులు సూచిస్తున్నాయి. అవి చదివే నివేదికల్లో దిగుబడి దాదాపు ఎప్పుడూ ఉంటుంది. కడగడానికి ఎన్ని లీటర్లు పోశారన్నది మాత్రం చాలాసార్లు ఉండదు. మనం వ్యర్థాన్ని అడగకపోతే యంత్రం తనంతట తాను చెప్పదు.

మన వంటింటి అలమరల్లో ఉండే రక్తపోటు మాత్రల్లోకి వద్దాం. నిఫెడిపిన్, అమ్లోడిపిన్ రెండింటి నడుమా ఉన్నది డైహైడ్రోపిరిడిన్ వలయం. 1880లలో ఆర్తర్ హాంజ్ కనిపెట్టిన చర్యతోనే ఇప్పటికీ దాన్ని కడుతున్నారు. నిఫెడిపిన్‌కైతే నైట్రోబెంజాల్డిహైడ్ ఒకటి, మిథైల్ అసిటోఅసిటేట్ రెండు, అమోనియా ఒకటి. మొత్తం భారం 400. మందు 346. పోయేది మూడు నీటి అణువులు, అంతే. నాలుగు అణువుల్ని ఒకే పాత్రలో వలయంగా చుట్టే ఇంత శుభ్రమైన దారి 140 ఏళ్ల నాటిదంటే ఎంత గౌరవం కలుగుతుందో!

అమ్లోడిపిన్ దగ్గర అదే వలయం కాస్త ఇబ్బంది పెడుతుంది. ఈ అణువుకు ఒక పక్క కొసన అమీన్ గుంపు ఉండాలి. వలయం కట్టేటప్పుడు ఆ అమీన్ కూడా చర్యలో తలదూరుస్తుంది. అందుకని దానికి ముందే థాలిమైడ్ అనే ముసుగు తొడుగుతారు. వలయం మూసుకున్నాక మిథైలమీన్ లాంటిది వేసి ముసుగు ఊడదీస్తారు. ఆ ముసుగు బరువంతా వ్యర్థంలోకే. వలయం అంతే శుభ్రంగా మూసుకుంది, చెత్త వచ్చింది వలయం పక్కనున్న కొస వల్ల. ముసుగు అక్కర్లేని దారి ఏదని వెతకడం హరిత రసాయనంలో మొదటి ప్రశ్నల్లో ఒకటి. పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ 1998లో రాసిన 12 సూత్రాల్లో ఇది కూడా ఉంది.

అయితే ఆ సూత్రాన్ని కళ్లు మూసుకుని పాటిస్తే ఒక్కోసారి నష్టమే. అది పెద్ద వలయాల కథలో తేలింది. కస్తూరి మృగం నుంచి వచ్చే పరిమళానికి మూలమైన మస్కోన్ పదిహేను కార్బన్ల వలయమని 1926లో లెయోపోల్డ్ రుజీచ్కా తేల్చారు. అంత పెద్ద వలయం నిలబడదని అప్పటిదాకా అనుకునేవారు. నిలబడుతుంది, మూయడమే కష్టం. పొడవాటి గొలుసు తన రెండు కొసల్నీ కలుపుకోవాలి. జాతర జనంలో చేయి చాపితే సొంత మనిషి కంటే ముందు పక్కవాడే తగిలినట్టు, చిక్కటి ద్రావణంలో గొలుసు కొస పక్క గొలుసునే పట్టుకుంటుంది. వలయాల బదులు పొడవాటి జిగురు తయారవుతుంది. అందుకని బాగా పలచన చేసి, గొలుసుల్ని ఒకదానికొకటి దూరంగా ఉంచాలి. 1912లో పాల్ రుగ్లీ, 1930లలో కార్ల్ జీగ్లర్ స్థిరపరచిన ఈ ఉపాయం పరీక్షనాళికలో బాగానే నడుస్తుంది. టన్నుల్లో చేయాలంటే సాల్వెంటు సముద్రం కావాలి.

హెపటైటిస్-సి వైరస్‌ మీద బోరింగర్ ఇంగెల్‌హైమ్ కంపెనీ కెనడాలోని తన ప్రయోగశాలలో రూపొందించిన బీఐఎల్ఎన్ 2061 అనే మందులో ఇలాంటి పదిహేను పరమాణువుల వలయం ఉంది. దాన్ని మూయడానికి రుథీనియం ఉత్ప్రేరకంతో నడిచే మెటాథిసిస్ చర్యను ఎంచుకున్నారు. ఈవ్ షోవాన్, రాబర్ట్ గ్రబ్స్, రిచర్డ్ ష్రాక్‌లకు 2005లో నోబెల్ తెచ్చిన చర్య ఇదే. గొలుసు రెండు కొసల్లోనూ ద్విబంధాలుంటే వాటిని కలిపి వలయం చేస్తుంది, ఇథిలీన్ వాయువు ఒక్కటే బయటికి పోతుంది. పొదుపు లెక్క చూస్తే అద్భుతం. కానీ లీటరు సాల్వెంటుకు మోల్‌లో నూరో వంతు గొలుసు మాత్రమే వేయాల్సి వచ్చేది, ఉత్ప్రేరకం కూడా ఎక్కువే పట్టేది. మొత్తం తయారీకి ఈ-ఫ్యాక్టర్ 370గా తేలింది. కిలో మందుకు 370 కిలోల వ్యర్థం!

ఆ కంపెనీ ప్రాసెస్ రసాయనవేత్తలు రియాక్టర్‌ను పెద్దది చేయలేదు, కాగితం దగ్గరికి తిరిగి వెళ్లారు. గొలుసు ఎందుకు తన కొసలు కలుపుకోవడం లేదని ఆలోచించారు. గొలుసులోని ఒక అమైడ్ నైట్రోజన్ మీద బాక్ అనే బరువైన ముసుగు తగిలించి చూశారు. దాంతో గొలుసు తనంతట తానే వంగి కొసలు దగ్గర చేసుకుంది, ఉత్ప్రేరకం పని మొదలుపెట్టే చోటు కూడా మారింది. పదిరెట్లకు పైగా చిక్కటి ద్రావణంలోనే వలయం మూసుకుంది. ఉత్ప్రేరకం చాలా తక్కువ పట్టింది, దాంతో మందులోంచి రుథీనియం జాడ తీసేసే శ్రమా తగ్గింది. 2009లో ప్రచురించిన లెక్కలో ఈ-ఫ్యాక్టర్ 52. ముసుగు వేయకూడదన్న సూత్రం ప్రకారం ఇది తప్పు, మొత్తం తూకం ప్రకారం ఇదే ఒప్పు. జంతువుల మీద పరీక్షల్లో గుండెకు హాని కనిపించడంతో ఆ మందు బజారులోకి రాలేదు. దాన్ని తయారుచేసే తెలివి మాత్రం అందరికీ దక్కింది.

మన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరుతో ముడిపడిన ఉదాహరణ ఒకటి, ఒక్క సూత్రంతో దారిని తూచలేమన్న ఈ మాటకు నేరుగా సంబంధించినది. భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించిన ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఇచ్చే ఐరన్ మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేది అదే. ఆ అణువులో టెరిడిన్ అనే జంట వలయం ఉంటుంది. వాళ్లు మూడు పదార్థాల్ని నీటిలో ఒకే పాత్రలో కలిపి ఆ రెండో వలయాన్ని కట్టారు. కాలేయం నుంచి మిల్లీగ్రాముల్లో తీసుకునే విటమిన్‌ను కిలోల్లోకి తెచ్చిన ఘనత ఆ చర్యది. దాని వారసుడే ఇప్పుడు పరిశ్రమలో నడుస్తోంది, అప్పటి మూడు పదార్థాల్లో బ్రోమిన్ ఉన్నదానికి బదులు ట్రైక్లోరోఅసిటోన్ వాడతారు.

ఈ చర్యకు లెక్క వేస్తే పరమాణు పొదుపు 78 శాతం. ద్రావణి నీరు. పాత్ర ఒక్కటే. మూడు ప్రశ్నలకూ మంచి జవాబులే. అయినా ఫోలిక్ ఆమ్లం తయారీ నుంచి రంగు తేలిన, ఆమ్లంతో నిండిన వ్యర్థజలం విపరీతంగా వస్తుంది. మూడు క్లోరిన్ల అసిటోన్ ఎక్కడ పడితే అక్కడ అతుక్కునే స్వభావం గలది. వలయం కావాల్సిన దిక్కుకే కాక ఇంకో దిక్కుకూ మూసుకుంటుంది. పక్క చర్యల మురికి అంతా నీటిలోకే వెళ్తుంది, ఆ నీటిని శుభ్రం చేయడం సాల్వెంటును మరిగించి తిరిగి పట్టుకోవడం కంటే కష్టం. నీటిలో చేశాం కాబట్టి హరితమే అనేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకుంటే చాలు. 1945లో ప్రాణాలు నిలపడానికి వేసిన దారిని తప్పుపట్టే పని లేదు. ఆ వలయానికి ఇంకా మంచి దారి వెతికే బాధ్యత మాత్రం ఇప్పటి తరానిది. సుబ్బారావు గారి వారసులమని చెప్పుకునే మన ప్రయోగశాలలకు ఇంతకంటే తగిన సమస్య ఏముంటుంది?

కొత్త పనిముట్లు వస్తూనే ఉన్నాయి. సాల్వెంటు లేకుండా ఉక్కు గుండ్ల మిల్లులో నూరి వలయాలు కట్టే పద్ధతి వాటిలో ఒకటి. చెరకు పిప్పి, మొక్కజొన్న కంకుల నుంచి వచ్చే ఫర్ఫురాల్‌తో తయారయ్యే మిథైల్ టెట్రాహైడ్రోఫ్యూరాన్ కొన్ని పెట్రోలియం సాల్వెంట్ల చోటు తీసుకుంటోంది. ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ బృందం 2013లో ఒక ఎంజైమును మార్చి, ప్రకృతిలో అది ఎన్నడూ చేయని మూడు కార్బన్ల త్రిభుజాన్ని నీటిలో కట్టించింది. పేలే గుణమున్న డయాజో పదార్థం మాత్రం అందులోనూ తప్పలేదు.

సిప్రోఫ్లాక్సాసిన్‌కూ కొత్త దారి వచ్చింది. 2017లో ఎంఐటీలో టిమతీ జేమిసన్ బృందం దాన్ని సన్నటి గొట్టాల్లో ఆగకుండా ప్రవహిస్తూ తయారయ్యేలా చేసింది. ఆరు చర్యలు, లోపల గడిపే సమయం మొత్తం తొమ్మిది నిమిషాలు. మధ్యలో వేరుచేయడం, కడగడం లేవు. అంటే అన్ని మదర్ లిక్కర్లు తప్పాయి. వాళ్లకు అడ్డం పడ్డదేమిటో తెలుసా? మనం పైన లెక్కలో చూసిన ఆ డైమిథైలమీన్. అది ప్రవాహంలోనే ఉండిపోయి తర్వాతి మెట్టులో వేలుపెడుతుంది. దాన్ని అదుపు చేయడానికి మరో రసాయనం కలిపి అక్కడే బంధించాల్సి వచ్చింది. అంటే గొట్టాలు కొత్తవే కానీ బంధాలు తెంపిన చోట్లు పాతవే. డైమిథైలమీన్‌నూ మూడు క్లోరిన్లనూ మోసుకురాని వలయ నిర్మాణం దొరికేదాకా ఆ 200 భారం ఏదో ఒక రూపంలో బయటికి వస్తూనే ఉంటుంది.

ఇదంతా మనకు ఎందుకు ముఖ్యమో వేరే చెప్పాలా? జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు నుంచి పరవాడ దాకా ప్రపంచానికి బల్క్ డ్రగ్స్ చేసిపెడుతున్న నేల మనది. పేటెంటు ముగిసిన మందుకు కొత్త రూటు వేసే పని మన ఆర్ అండ్ డీ బెంచీల మీద రోజూ జరుగుతుంది. అక్కడ కూర్చునేది మన కాలేజీల్లో చదువుకున్న పిల్లలే. ఖర్చు, పేటెంటు, దిగుబడి అనే మూడు గడుల పట్టికలో వాళ్లు రూట్లను పోలుస్తారు. నాలుగో గడి ఒకటి చేర్చమని వాళ్లను నడిపించే పెద్దల్ని కోరుతున్నాను: కిలో సరుకుకు ఎన్ని కిలోలు బయటికి, అందులో ఏమేమి. రూటు ఖరారు చేసేముందు ఆ గడి నింపితే చాలు, రియాక్టర్ వేడెక్కకముందే సగం పని అయిపోతుంది.

రసాయనశాస్త్రం చెప్పే అధ్యాపకులకు కూడా ఒక విన్నపం. ఎంఎస్సీ ప్రశ్నపత్రంలో ఫలానా వలయ అణువును తయారుచేసే విధానం రాయమని అడుగుతున్నారు. దాని కింద ఇంకో వాక్యం చేర్చండి: మీరు రాసిన విధానంలో ఏమేమి వృథా అవుతాయో భారాలతో సహా లెక్కకట్టండి. దానికి ఐదు మార్కులు ఇవ్వండి.